మాట తప్పని దాణా వ్యాపారి



గండంలో ఉన్నప్పుడు మొక్కుకోనివారు అరుదు. గండం గట్టెక్కాక ఆ మొక్కును గుర్తుంచుకునేవారూ అరుదే. ప్రసంగి గ్రంథము 5వ అధ్యాయం మనల్ని హెచ్చరించేది ఈ మరుపును గురించే. యుద్ధభూమిలో దేవునికిచ్చిన మాటను తుదిశ్వాస వరకు నిలుపుకున్న ఒక మనిషిని ఈ నెల జ్ఞాపకం చేసుకుందాము. ఆయన పేరు రిచర్డ్ వింటర్స్. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పశువుల దాణాకు కావలసిన సరుకు అమ్మిన వ్యాపారి. రెండవ ప్రపంచ యుద్ధంలో మేజరుగా పనిచేసిన సైనికుడు.

అమ్మ పెంపకం

వింటర్స్ 1918 జనవరి 21న జన్మించారు. తల్లి మెనోనైటు కుటుంబంలో పుట్టినామె. యుద్ధానికి దూరంగా ఉండి, సాదాసీదాగా బ్రతకమని బోధించే సంఘము అది. నిజాయితీ, క్రమశిక్షణ తనకు అబ్బింది అమ్మ వల్లనేనని ఆయన చెప్పేవారు. గడ్డి కోసి, కిరాణా కొట్టులో పనిచేసి, కరెంటు టవర్లకు రంగులు వేసి కాలేజీ ఫీజులు కట్టుకున్నారు. 1941లో పట్టా పుచ్చుకుని, ఆ ఏడే సైన్యంలో చేరారు. తోటివారు తాగుతున్నా ఆయన మద్యం ముట్టలేదు.

శిక్షణ కాలంలో ఇంగ్లాండులోని ఆల్డ్‌బోర్న్ అనే పల్లెలో బార్న్స్ దంపతుల ఇంట బస దొరికింది. వారు అప్పటికే యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్నవారు. రాత్రి పూట టీ తాగుతూ ఆ ఇంటి పెద్దాయన వాక్యం చదివేవారు, ప్రార్థన చేసేవారు. కడుపుకోతలో ఉండి కూడా పరాయి బిడ్డను తమ బిడ్డలా చూసుకున్న ఆ ఇల్లే తనను రాబోయే దినాలకు సిద్ధపరచిందని వింటర్స్ తరువాత చెప్పుకున్నారు. కుటుంబ ప్రార్థన ఎంత దూరం పనిచేస్తుందో చూడండి!

ఆ రాత్రి చేసిన ప్రమాణం

1944 జూన్ 6వ తేదీ తెల్లవారకముందే ఆయన పారాచూటుతో ఫ్రాన్సు దేశంలోని నార్మండీలో దిగారు. దూకుతున్నప్పుడు కాలికి కట్టుకున్న సంచి తెగిపోయి, తుపాకి లేకుండానే నేలను తాకారు. ఆయన పై అధికారి ఉన్న విమానం కూలిపోవడంతో దళం భారం ఆయన మీద పడింది. ఆ ఉదయం బ్రెకూర్ అనే చోట డజనుమందితో మొదలుపెట్టి, సముద్రతీరం నుంచి వచ్చే దారి మీద గుండ్లు కురిపిస్తున్న నాలుగు జర్మను ఫిరంగులను పనికిరాకుండా చేశారు. ఇందుకు అమెరికా సైన్యంలో రెండవ అత్యున్నతమైన శౌర్య పతకం లభించింది.

అయితే మాకు ఆ పతకం కన్నా ఆ రాత్రి జరిగినది గొప్పగా తోచింది. నిద్రపోయే ముందు ఆయన దేవునికి కృతజ్ఞత చెప్పి, ప్రాణాలతో ఇల్లు చేరితే ఎక్కడైనా కొంచెం నేల చూసుకుని శేషజీవితం శాంతిగా గడుపుతానని మాట ఇచ్చారు.

మొక్కు తీర్చుకున్న తీరు

యుద్ధం 1945లో ముగిసింది. ఆయన కర్మాగారంలో ఉద్యోగం చేశారు, 1948లో వివాహం చేసుకున్నారు. 1951లో పెన్సిల్వేనియాలో చిన్న పొలం కొన్నారు. అదే ఏడు కొరియా యుద్ధం కోసం సైన్యం తిరిగి పిలిచింది. పిలుపు మన్నించి వెళ్ళి కొత్తవారికి శిక్షణ ఇచ్చారు. విరమించుకోవచ్చని అవకాశం ఇచ్చినప్పుడు మాత్రం ఇంటికే వచ్చేశారు. ఆ పొలంలోనే ఇల్లు కట్టుకుని ఇద్దరు పిల్లలను పెంచారు.

1972లో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. హెర్షీ చాక్లెట్ల కంపెనీలో మిగిలిపోయే సరుకును పశువుల దాణా తయారుచేసేవారికి అమ్మడమే ఆ బేరం. మనకిది వింతగా ఉండవచ్చు. కానీ బియ్యం మరలో మిగిలిన తవుడు, నూనె గానుగలో మిగిలిన చెక్క మన పశువులకు బలం ఇవ్వడం లేదా? చాక్లెట్ల మిగులులో ఉండే చక్కెర, కొవ్వు కూడా అలాగే బలమిస్తాయి. కాకపోతే కోకోలోని థియోబ్రోమిన్ అనే పదార్థం ఎక్కువైతే పశువుకు హాని. అందుకే దాన్ని మితంగా కలపాలి. ఇలాంటి వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది. అమ్మేవాడు అబద్ధమాడితే రైతు పాడి దెబ్బతింటుంది. వింటర్స్ 1997లో విశ్రాంతి తీసుకునేవరకు ఈ పనిలోనే ఉన్నారు.

ఇంతలో 1992లో చరిత్రకారుడు స్టీఫెన్ ఆంబ్రోస్ ఆయన దళం గురించి పుస్తకం వ్రాశారు. 2001లో అది టెలివిజన్ ధారావాహికగా వచ్చింది. ప్రపంచమంతటి నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పొగడ్త వచ్చినప్పుడల్లా ఆయన దానిని తన తోటి సైనికుల మీదికి మళ్ళించేవారు. నార్మండీలో తన పోలికతో విగ్రహం నిలుపుతామంటే, ఆనాడు దళాలను నడిపించిన చిన్న అధికారులందరికీ అంకితం చేస్తేనే ఒప్పుకుంటానన్నారు. 2012లో అది అలాగే వెలిసింది. దానిని చూడటానికి ఆయన లేరు. 2011 జనవరి 2న, 92వ ఏట కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఆర్భాటం లేకుండా అంత్యక్రియలు జరిపి, ఎఫ్రటా ఊరి లూథరన్ చర్చి సమాధుల తోటలో తల్లిదండ్రుల ప్రక్కనే ఉంచారు.

మన సంఘాలలో కూడా సైన్యంలో పనిచేసి వచ్చి, ఎరువుల కొట్టో కిరాణా కొట్టో నడుపుకుంటున్న పెద్దలు ఉన్నారు. వారు అడగనిదే చెప్పరు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒకరి దగ్గర కూర్చుని, వారు చెప్పేది విందాము. అలాగే జబ్బులోనో కరువులోనో మనం చేసిన మొక్కుబడి ఏదైనా మిగిలి ఉంటే, ఆలస్యం చేయక తీర్చుకుందాము.