ఊరి బడి లెక్కలు: ప్రతి ఇంటికీ తెలియాల్సిన అంకెలు

ఏడాదికి 8,760 గంటలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా బడి కనీసం 200 రోజులు, 800 గంటలు నడవాలి. పిల్లలు రోజూ పది గంటలు నిద్రపోతారనుకున్నా, మేలుకుని ఉండే సమయం ఏడాదికి 5,110 గంటలు ఉంటుంది. చట్టం చెప్పిన బడి సమయం అందులో ఆరో వంతు కూడా కాదు. తక్కిన సమయమంతా పిల్లలు ఇంట్లో, వాడలో, చేనుగట్టు మీద గడుపుతారు. ఉపాధ్యాయులు ఎంత గట్టివాళ్లయినా తమ చేతిలో ఉన్న ఆ కొద్ది గంటలతోనే నెట్టుకురావాలి. అందుకే ఇల్లూ ఊరూ బడితో కలిసి నడిచిన చోట చదువు నిలబడుతుంది.

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ కలయిక అవసరం మరీ ఎక్కువ. దానికి కావాల్సిన చట్టాలు, కమిటీలు, పథకాలు ఇప్పటికే ఉన్నాయి. బడి లెక్కలు మాత్రం ఇంటిదాకా చేరడం లేదు. ఆ లెక్కల్లో ముఖ్యమైనవి ఇవి.

49.87 శాతం

2011 జనాభా లెక్కలను కొత్త జిల్లాల వారీగా విడదీసి చూస్తే, గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం. తెలంగాణలో అన్ని జిల్లాలకన్నా ఇదే తక్కువ. వనపర్తి, నాగర్‌కర్నూల్ 55 శాతం దగ్గరదగ్గరగా ఉన్నాయి. రాష్ట్ర సగటు 66 శాతం పైనే. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఉండేవి. ఆ ఉమ్మడి జిల్లాలో పురుషుల అక్షరాస్యత 65.21 శాతమైతే స్త్రీలది 44.72 శాతమే.

ఇప్పటి తల్లుల్లో చదువుకున్నవాళ్లు అప్పటికంటే ఎక్కువే ఉంటారు. కానీ తల్లిదండ్రులు పనికోసం ముంబైకో పుణెకో వెళ్లిన ఇళ్లలో పిల్లల్ని చూసేది అవ్వాతాతలు. ఆ తరంలో అక్షరం వచ్చినవాళ్లు తక్కువ. ‘ఇంటి దగ్గర చదివించండి’ అని సారు చీటీ రాసి పంపితే, దాన్ని చదివిపెట్టడానికి ఇంకొకరు కావాలి.

అయినా చేయగలిగింది చాలా ఉంది. 2022–23లో సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉండేలా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. తెలుగు వచ్చిన అక్కో పక్కింటి పిన్నో ఉంటే పాఠం ఇంట్లోనూ సాగుతుంది. ఈ సంగతి ఎన్ని ఇళ్లకు తెలుసు? బడి తెరిచిన మొదటి వారంలోనే పుస్తకం తెరిచి తల్లికి చూపించి చెప్పడం ఉపాధ్యాయులకు కొద్ది నిమిషాల పని.

60 రోజులు, 240 గంటలు

గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనాలకు పేరుమోసింది. ఊళ్లలో దీన్ని సీడ్ పత్తి అంటారు. సాయంత్రం మొగ్గలోని పుప్పొడి భాగాన్ని తీసేస్తారు. మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడిని దానికి అద్దుతారు. ఈ క్రాసింగ్ పని వానకాలం పంటలో వారాల తరబడి రోజూ సాగుతుంది. చిన్న చేతులకు చులాగ్గా వస్తుందన్న పేరుతో పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, ఈ పనిలోకి దించడం గురించి ఏళ్ల తరబడి అధ్యయనాలు వచ్చాయి. పుప్పొడి అద్దే వేళ, బడి గంట కొట్టే వేళ దాదాపు ఒకటే. ‘పని అయ్యాక బడికి పోతుంది’ అనే మాట ఇక్కడ నిలవదు.

లెక్క వేద్దాం. ఒక పాప 60 రోజులు బడి మానేసిందనుకుంటే, 200 రోజుల్లో అది 30 శాతం. రోజుకు నాలుగు గంటల చొప్పున 240 గంటల పాఠం పోయినట్టు. మూడో తరగతిలో కూడికలు తీసివేతలు దాటి గుణకారం దగ్గరికి వచ్చే వేళ ఆ గంటలు పోతే, మరుసటి ఏడాది భాగహారం అసలు ఎక్కదు. చదువు రాక బడి మానేశారని మనం చెప్పుకునే పిల్లల్లో చాలామంది, బడికి రాలేక చదువులో వెనకబడ్డవాళ్లే.

దసరా తర్వాత వలసలు మొదలవుతాయి. వలస పోయేవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష పథకంలో సీజనల్ హాస్టళ్లకు వీలుంది. కానీ కుటుంబం బస్సెక్కాక హాస్టల్ గురించి చెప్పి లాభం లేదు. క్రాసింగ్ మొదలవకముందు ఒక సమావేశం, దసరాకు ముందు మరొకటి జరగాలి. బడి క్యాలెండర్ పక్కన ఊరి పనుల క్యాలెండర్ పెట్టి చూసుకునే బడి, ఏ నెలలో ఎవరు కనిపించకుండా పోతారో ముందే పసిగట్టగలదు.

ఇలాంటి పని తెలుగు నేల మీద జరిగిందే. శాంతా సిన్హా సారథ్యంలోని ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగింది. బడికి రాని ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ బాలకార్మికులుగానే లెక్కించాలని పట్టుబట్టింది. పనిలో మగ్గిన పిల్లల్ని బ్రిడ్జి కోర్సులతో వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఊరి యువకులు, పంచాయతీ, ఉపాధ్యాయులు ఒక్కటైతే పేద తల్లిదండ్రులు కూడా పిల్లల్ని బడికే పంపుతారని చేసి చూపింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

నాలుగింట మూడొంతులు, అందులో సగం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడి కమిటీల కోసం 1998లోనే సామాజిక భాగస్వామ్య చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, సెక్షన్ 21లో, దేశమంతటా సర్కారు బళ్లకు పాఠశాల యాజమాన్య కమిటీని తప్పనిసరి చేసింది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలు కావాలి. ఇరవై మంది కమిటీ అయితే పదిహేను మంది తల్లిదండ్రులు, పది మంది స్త్రీలు. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు దక్కాలి.

ఈ కమిటీకి చట్టం అప్పగించిన పెద్ద పనులు మూడు: బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం. మూడూ లెక్క అడిగే అధికారాలే.

తెలంగాణ ప్రభుత్వం 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ముందుకు తెచ్చింది. పల్లెల్లో మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు దీనికి చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్, పిల్లల తల్లులు సభ్యులు. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నచిన్న మరమ్మతుల పనులు వీళ్ల చేతుల మీదుగా సాగాయి. పొదుపు పుస్తకం, అప్పు వాయిదా, వడ్డీ లెక్క సంఘం మహిళలకు కొట్టినపిండి. ఆ అనుభవం బడి లెక్కల్లోకి రావడం మంచి మలుపు. అయితే తీర్మానం రిజిస్టర్ ఇంటికి వచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతే ఆ అనుభవమంతా వృథా. సంతకానికి ముందు ‘ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది’ అని అడిగితీరాలి.

సగటున 28 లక్షలు

2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ‘మన ఊరు–మన బడి’ పథకాన్ని వనపర్తిలోని జిల్లా పరిషత్ బాలుర ఉన్నత పాఠశాలలో ప్రారంభించారు. మూడేళ్లలో 26,065 బళ్లకు రూ.7,289 కోట్లు ఖర్చు చేయాలన్నది లక్ష్యం. కాగితం మీద సగటు తీస్తే బడికి దాదాపు రూ.28 లక్షలు. తొలి విడతకు 9,123 బళ్లను ఎంచుకున్నారు. నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు, ప్రహరీ, వంటశాల, అదనపు గదులు వంటి 12 రకాల పనులు లెక్కలోకి తీసుకున్నారు.

ఇంటికీ బడికీ ఉన్న బంధం దృష్ట్యా అందులో గమనించాల్సింది ఒకటుంది. రూ.30 లక్షల లోపు పనులను యాజమాన్య కమిటీల ద్వారానే చేయించాలనుకున్నారు. పొలం పనికీ కూలికీ పోయే తల్లిదండ్రుల కమిటీ సిమెంటు, ఇసుక, ఇంజినీరు కొలతల లెక్కలో భాగమైంది. అంత బాధ్యత అప్పగించినప్పుడు అంచనా కాగితాన్ని తెలుగులో బడి గోడ మీద అంటించడం, పని ఏ దశలో ఉందో నెలనెలా సభలో చదివి వినిపించడం కూడా దానితోపాటే జరగాలి. ప్రభుత్వం మారి పథకం పేరు మారినా ఈ పద్ధతి మారకూడదు.

30 మందికి పదివేలు, 31 మందికి పాతికవేలు

సమగ్ర శిక్ష కింద ప్రతి బడికీ ఏటా నిర్వహణ గ్రాంటు ఉంటుంది. అది పిల్లల సంఖ్యను బట్టి మారుతుంది. 30 మంది దాకా ఉన్న బడికి రూ.10 వేలు, 31 నుంచి 100 దాకా రూ.25 వేలు, 101 నుంచి 250 దాకా రూ.50 వేలు, 251 నుంచి వెయ్యి దాకా రూ.75 వేలు, అంతకుమించితే రూ.లక్ష. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి.

ముప్పై ఒకటో పిల్లవాడు ప్రైవేటు బస్సెక్కితే ఊరి బడికి రూ.15 వేల గ్రాంటు పోతుంది. ఉపాధ్యాయుల లెక్కా ఇలాంటిదే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు ఉపాధ్యాయులు, 61వ పిల్ల చేరితే ముగ్గురు. చేరికలు పడిపోవడమంటే మిగిలిన పిల్లల చదువుకు కోత పడటమే. దేశంలో ఒక్క విద్యార్థీ లేని బళ్లు 2024–25లో 7,993 ఉంటే, వాటిలో 2,245 తెలంగాణవే. పశ్చిమ బెంగాల్ తర్వాత మనదే ఎక్కువ సంఖ్య. ఏటా జూన్‌లో ఉపాధ్యాయులు బడిబాట పేరుతో ఇంటింటికీ వెళ్తారు. వాళ్లతోపాటు సర్కారు బడిలో చదువుతున్న పిల్లల తల్లి కూడా గడపలోకి వచ్చి మాట్లాడితే, ఆ మాటకు బరువు పెరుగుతుంది.

ఆరు కిలోల బియ్యం

అక్షరం రాని తల్లి కూడా నిక్కచ్చిగా తేల్చగల లెక్క మధ్యాహ్న భోజనం. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఉండాలి. 60 మంది తినే రోజున ఆరు కిలోల బియ్యం, కిలోంబావుకు కాస్త తక్కువ పప్పు, మూడు కిలోల కూరగాయలు పడాలి. బియ్యం కాక వంట ఖర్చు కింద కేంద్ర పథకం నిర్ణయించిన రేటు 2025 మే నుంచి ప్రాథమిక విద్యార్థికి రోజుకు రూ.6.78. అరవై మందికి దాదాపు రూ.407.

పది మందికి ఎంత పప్పు పడుతుందో తల్లులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వారానికో తల్లి వంతు వేసుకుని వంట వేళకు బడికి వెళ్లాలి. వంట చేసే ఆడవాళ్ల మీద నిఘా పెట్టినట్టు కాకుండా వాళ్ల ఇబ్బందినీ వినాలి. బిల్లులు ఆగిపోతే కిరాణా అప్పు మోసేది వాళ్లే. తింటున్న పిల్లల తలలు లెక్కపెడితే హాజరు పట్టీలో ఉన్న సంఖ్యతో సరిపోయిందో లేదో కూడా తెలుస్తుంది.

92 శాతం మందికి తెలియని కమిటీ

సభలు పెడితే చాలదని చెప్పే అధ్యయనం ఒకటుంది. అభిజిత్ బెనర్జీ, రుక్మిణీ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 280 ఊళ్లలో చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. గ్రామ విద్యా కమిటీ ఒకటుందని 92 శాతం తల్లిదండ్రులకు తెలియదు. సభ్యుల్లోనే కొందరికి తాము సభ్యులమని తెలియదు. ఊళ్లలో సభలు పెట్టి కమిటీ గురించి, హక్కుల గురించి చెప్పారు. బడిలో పెద్దగా మార్పు రాలేదు. ఊరి యువతకు చదవడం నేర్పే పద్ధతిలో కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, సాయంత్రాలు పిల్లలతో కూర్చోబెట్టిన చోట మాత్రం, ఆ శిబిరాలకు వచ్చిన పిల్లల చదువు స్పష్టంగా మెరుగుపడింది.

దీని నుంచి మనం నేర్చుకోవాల్సింది సూటిగా ఉంది. జనానికి చేతికందే పని చూపిస్తే జనం కదులుతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు రోజూ సాయంత్రం ఓ గంట పంచాయతీ అరుగు మీద చిన్నపిల్లల చేత చదివిస్తే, వంద పనిదినాల్లో వంద గంటలవుతుంది. అది చట్టం చెప్పిన 800 గంటల్లో ఎనిమిదో వంతు. అవసరం ఎంతుందో పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక చెబుతుంది: దేశంలోని గ్రామీణ సర్కారు బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే.

మూడో శనివారం అడగాల్సినవి

తెలంగాణ బళ్లలో నెలకోసారి, మూడో శనివారం, తల్లిదండ్రులు–ఉపాధ్యాయుల సమావేశం జరపాలన్నది నియమం. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లికి ఆ పూట విలువైనది. పదిమందిలో పిల్లవాణ్ణి తప్పుపట్టి పంపేస్తే ఆమె మళ్లీ రాదు. బడి ఆమెకు లెక్క చూపాలి, ఆమె అయిదు ప్రశ్నలు అడగాలి.

నా బిడ్డ పోయిన నెలలో ఎన్ని రోజులు వచ్చింది? ఏం చదవగలుగుతోంది, ఒక పేరా చదివించి చూపిస్తారా? ఈ ఏడాది బడికి ఎంత గ్రాంటు వచ్చింది, దేనికి ఖర్చయింది? నిన్న ఎంతమంది అన్నం తిన్నారు, ఎన్ని కిలోల బియ్యం వండారు? వచ్చే నెల పనికో వలసకో పోయే ఇళ్లు ఏవి, ఆ పిల్లల కోసం ఏం అనుకున్నారు?

వీటిలో ఏదీ అడగడానికి అక్షరాస్యత అక్కర్లేదు. జవాబు చెప్పడానికి కొత్త జీవో అక్కర్లేదు. ఉపాధ్యాయులకు కూడా ఇది అండే. గది కురుస్తోందనీ సారు పోస్టు ఖాళీగా ఉందనీ వాళ్లు ఒంటరిగా రాసే అర్జీకి, ఇరవైమంది తల్లులు లెక్కతో సహా వెళ్లి మండల విద్యాధికారిని అడగడానికి చాలా తేడా ఉంది. వచ్చే మూడో శనివారం ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు బడి గోడ మీద సున్నంతో రాయించండి. నెలనెలా తుడిచి కొత్తవి రాయండి. ఆ గోడ చూసి ఊరంతా మాట్లాడుకోవడం మొదలైతే, కమిటీ కాగితం దాటి పనిలోకి వచ్చినట్టే.