రాక్షసులందరిదీ నా రంగే ఎందుకు?

మొన్న దసరా సెలవులకు పుట్టింటికి, దౌల్తాబాద్‌కు వెళ్లాను. వికారాబాద్ జిల్లాలో, కొడంగల్‌కు దగ్గరలో ఉంటుంది మా ఊరు. తాండూరు బండలు పరిచిన మా పాత ఇంట్లో అటక మీద ఒక పెద్ద రేకు పెట్టె ఉంది. అందులో బంగారం లేదు, పట్టుచీరలు లేవు. ఉన్నవన్నీ పాత బొమ్మల పుస్తకాలే. చందమామలు, అమర్ చిత్రకథలు, ఇంద్రజాల్ కామిక్స్!

నాన్న బడిలో సారు. జీతం వచ్చిన వారం తాండూరు వెళితే, రైల్వే స్టేషన్‌లో పుస్తకాల కొట్టు దగ్గర ఆగకుండా ఇంటికి వచ్చేవారు కాదు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక, ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో వెతకడం నాకు సరదా. చీరల షాపులో కన్నా అక్కడే ఎక్కువసేపు నిలబడతానని మావారు వేళాకోళం చేస్తుంటారు. మా ఫ్లాట్‌లో చోటు లేక, కొన్నవన్నీ తెచ్చి ఆ పెట్టెలోనే దాచేదాన్ని.

ఈసారి పెట్టె తెరిచి చూద్దును కదా, గుండె గుభేలుమంది. ఒక పాత మహాభారతం బొమ్మల పుస్తకంలో ద్రౌపది ముఖానికి, చేతులకు గోధుమరంగు స్కెచ్ పెన్‌తో రంగు పూసి ఉంది. ఒక్క పేజీలో కాదు, మొదటి నుంచి చివరిదాకా! ఎవరి పనో వెంటనే తెలిసిపోయింది. మా అన్న కూతురు. నాలుగో తరగతి చదువుతోంది.

"ఎందుకు పాడుచేసినవే?" అని గట్టిగానే కసిరాను.

"పాడు చెయ్యలే అత్తమ్మా, నా రంగు వేసిన" అంది తల దించుకుని. కాసేపాగి తనే అడిగింది. "ఇన్ని పుస్తకాలల్ల మంచోళ్లంతా తెల్లగ ఉన్నరు. రాక్షసులందరూ నా రంగే ఎందుకున్నరు?"

పక్కనే కందులు బాగుచేస్తున్న అమ్మ సర్దిచెప్పబోయింది. "నల్లగుంటె ఏమైతది బిడ్డా? కృష్ణుడు నల్లగ లేడా?"

"ఏడున్నడు నానమ్మా? పుస్తకంల నీలంగ ఉన్నడు గద!"

అమ్మ దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు.

అసలు సంగతి రాత్రి వదిన చెప్పింది. బడిలో నాటకం వేస్తున్నారట. పిల్లకు శూర్పణఖ వేషం ఇచ్చారు. "నీకైతే రంగు ఖర్చు కూడా ఉండదు" అని ఎవరో పెద్దవాళ్లు అనడం, పిల్లలంతా నవ్వడం. ఇంటికొచ్చి శనగపిండితో ముఖం ఎర్రగా కందేదాకా రుద్దుకుందట. "నాలుగు రోజులు స్కూలుకు పోనని ఏడ్చింది వదినా" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెట్టె ముందు కూర్చుని, ముప్పయ్యేళ్లుగా ప్రేమగా దాచుకున్న పుస్తకాలను తొలిసారి ఆ పిల్ల కళ్లతో తిరగేశాను.

పులితోలు కట్టిన స్నేహితుడు

ముందుగా చేతికి వచ్చినవి ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964లో మొదలుపెట్టి 1990 వరకు నడిపిన పుస్తకాలివి. ఫాంటమ్, మాంత్రికుడు మాండ్రేక్ కథలకు మా ఇంట్లో కొట్లాటలు జరిగేవి. ఇద్దరినీ సృష్టించింది అమెరికా రచయిత లీ ఫాక్. మాండ్రేక్ 1934లో, ఫాంటమ్ 1936లో అక్కడి పత్రికల్లో మొదలయ్యారు.

మాండ్రేక్ పక్కన లోథార్ అని ఒక బలశాలి ఉంటాడు, గుర్తుందా? ఆఫ్రికా రాజకుమారుడు. అయినా మొదటి రోజుల్లో అతనికి ఒంటి మీద చిరుతపులి తోలు, నెత్తిన టోపీ, నోట్లో వచ్చీరాని ఇంగ్లీషు. మాండ్రేక్ ఏమో సూటూబూటూ! బుర్ర తెల్లవాడిది, కండలు నల్లవాడివి. 1965లో ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ బొమ్మలు వేయడం మొదలుపెట్టాకే లోథార్‌కు మంచి బట్టలు, సరైన భాష వచ్చాయి.

ఫాంటమ్ కథ చూడండి. ఆఫ్రికా అడవి నిండా మనుషులున్నా, వాళ్లను కాపాడడానికి తరతరాలుగా ఒక తెల్లవాడే కావాలి. అతనికి నమ్మకంగా ఉండే పొట్టివాళ్ల తెగ పేరు ఇంగ్లీషు కథలో 'బందర్'. హిందీ, ఉర్దూ చెవిన పడుతూ పెరిగిన మా తాండూరు వైపు వాళ్లకు ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. కోతి! చిన్నప్పుడు ఆ పేరు చదివి మేమంతా పడీపడీ నవ్వాం. ఎవరిని చూసి నవ్వుతున్నామో ఒక్కరోజూ ఆలోచించలేదు.

అన్నీ చెడ్డవేనని అనడం లేదు. తర్వాతి కథల్లో లమండా లువాగా అనే నల్లజాతి డాక్టరు ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. కాలం మారేకొద్దీ కథా కొంత మారింది.

మనకు తగిలితేనే నొప్పి

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో సంగతి. అసలు ఫాంటమ్ కథలో అతని వంశానికి శత్రువులైన సముద్రపు దొంగల పేరు 'సింగ్' ముఠా. ఆ కథలు మన దేశంలో అచ్చయ్యేటప్పుడు దాన్ని 'సింగా' చేశారు. తండ్రిని చంపిన దొంగ పేరు 'రామా' అయితే, దాన్ని 'రామాలు'గా మార్చారు. మన పేర్లు దొంగలకు పెడితే మన పాఠకులు నొచ్చుకుంటారని వాళ్లకు తెలుసు. మంచిదే.

మరి అదే పుస్తకంలో ఆఫ్రికా వాళ్లను చూపించిన తీరు ఎవరికీ గుచ్చుకోలేదేం? అవమానం మనదైతేనే మన కంట పడుతుందన్నమాట!

ఆఫ్రికా అంటే ఎక్కడో దూరం అనుకుంటాం. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గరి ఎ.సి. గార్డ్స్ మీకు తెలిసే ఉంటుంది. ఎ.సి. అంటే 'ఆఫ్రికన్ కావల్రీ'. నిజాం కొలువులో గుర్రాల మీద కాపలా కాసిన ఆఫ్రికా సైనికుల పేరు అది. ఆ దళం మొదట మన పాలమూరు వైపు వనపర్తి సంస్థానానిది. వాళ్ల వారసులు, సిద్దీలు, మన మధ్యే పుట్టి, మన మాటలే మాట్లాడుతూ పెరిగారు. వాళ్ల పిల్లలూ ఈ పుస్తకాలే చదివి ఉంటారు కదా. ఏమనుకుని ఉంటారు?

ఈ గొడవ మనకొక్కరికే వచ్చింది కాదు. బెల్జియం చిత్రకారుడు ఎర్జే వేసిన టిన్‌టిన్ బొమ్మల కథల్లో 'కాంగోలో టిన్‌టిన్' ఒకటి. 1931లో పుస్తకంగా వచ్చింది. అప్పట్లో కాంగో బెల్జియం చేతిలో ఉండేది. అక్కడి మనుషులను అందులో తెలివితక్కువ వాళ్లలా, లావు పెదవులతో గీశారు. దాన్ని ఆపించాలని బెల్జియంలో ఉంటున్న ఒక కాంగో వ్యక్తి కోర్టుకెక్కాడు. 2012లో కోర్టు నిషేధానికి ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో మాత్రం 2007లో ఫిర్యాదులు వచ్చాక, కొన్ని షాపులు దాన్ని పిల్లల అరలోంచి తీసి పెద్దల అరలో పెట్టాయి.

మన కథల అసలు రంగు

పరదేశం పుస్తకాలను తప్పుపట్టడం తేలికే. మరి మనవో?

అమర్ చిత్రకథను 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టారు. టీవీలో క్విజ్ పోటీకి వచ్చిన పిల్లలు గ్రీకు దేవుళ్ల గురించి చెప్పి, రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారట. అది చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందని అంటారు. మా తరానికి పురాణాలు తెలిశాయంటే ఆ పుణ్యం చాలావరకు ఆయనదే. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు ప్రారంభించిన చందమామ సంగతి చెప్పేదేముంది? చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గార్ల బొమ్మలు చూస్తూనే మేం అక్షరాలు కూడబలుక్కున్నాం.

కానీ నా పెట్టెలోని పుస్తకాలన్నీ పక్కపక్కన పేర్చి చూస్తే పిల్ల మాట నిజమే. రాకుమారి పాలమీగడలా ఉంటుంది. దాసీ ఒక చాయ తక్కువ. అడవిలో బతికేవాళ్లు ఇంకా తక్కువ. రాక్షసి నలుపు. నలుపు రంగు, శ్రమచేసే చేతులు, చెడ్డ మనసు ఒకే గంపలో పడ్డాయి. ఈ లెక్కను మాకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. బొమ్మలే నేర్పాయి. 'వర్ణం' అంటే మనకు రంగూ అవును, కులమూ అవును. పుస్తకాల్లో ఆ రెండూ కలిసిపోయాయి.

అసలు కథ అలా ఉందా? భారతంలో ద్రౌపది పేరు 'కృష్ణ'. నల్లని పిల్ల కనుకనే ఆ పేరు! రాజులందరూ స్వయంవరానికి బారులు తీరింది ఆ నల్లని అందం కోసమే. ఆ కథ చెప్పిన వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు. ఆయనా నలుపే. పిడుగులు పడేటప్పుడు మన పెద్దవాళ్లు అర్జునుడి పది పేర్లు తలుచుకుంటారు చూడండి, అందులోనూ 'కృష్ణ' ఉంది.

అంటే మా పిల్ల పుస్తకం పాడుచేయలేదు. తెలియకుండానే అచ్చుతప్పు దిద్దింది!

అప్పటి అచ్చు పద్ధతిలో నలుపు చాయలు వేయడం కష్టం, గీతలు కనబడవు అని కొందరు అంటారు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు, ఈ నాలుగు ఇంకులతోనే అన్ని రంగులూ రావాలి నిజమే. కానీ రాక్షసుడికి చక్కగా కుదిరిన గోధుమరంగు ద్రౌపదికి కుదరకపోతుందా? తప్పు ఇంకుది కాదు, చూపుది.

ఆ చూపు పుస్తకాల్లోనే ఆగిందా? పెళ్లిచూపుల్లో 'పిల్ల చామనచాయ' అని గొంతు తగ్గించి చెప్పడం మనకు కొత్తా? 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన తెల్లబరిచే క్రీము, 'ఫెయిర్ అండ్ లవ్లీ', తన పేరులోంచి 'ఫెయిర్' తీసేయడానికి 2020 దాకా పట్టింది. డబ్బా మీద పేరు మారింది. మన నోటి మాట మారాలి కదా!

మరి పుస్తకాలు ఏం చేయాలి?

తెల్లారి వదిన ఒక్కటే మాట అంది. "కాల్చెయ్యి వదినా, పీడ పోతది." నిజం చెప్పాలంటే, నాకూ క్షణం పాటు అలాగే అనిపించింది. కానీ పుస్తకాలు కాలిస్తే సాక్ష్యం కాలుతుంది. పిల్ల బడిలో విన్న మాట మాత్రం మిగిలే ఉంటుంది. అందుకని మేం వేరే దారి పట్టాం. మీ ఇంట్లోనూ పనికొస్తుందేమో చూడండి.

• పిల్లల చేతికి పాత పుస్తకం ఇచ్చి వదిలేయకండి. పక్కన కూర్చోండి. "ఈ బొమ్మలో అందరికన్నా వెనుక ఎవరున్నారు? వాళ్లకు మాటలు ఎందుకు లేవు?" అని అడగండి. పిల్లలే మనకన్నా ముందు కనిపెడతారు.

• "అప్పట్లో అంతేలే" అని దాటేయకండి. "అప్పట్లోనూ ఇది తప్పే, మేం గమనించలేదు" అని ఒప్పుకోండి. పెద్దవాళ్లు ఒప్పుకుంటే పిల్లలకు ఎంత బలమో!

• కథను మళ్లీ గీయించండి. తెల్లకాగితం మీద వాళ్లకు నచ్చిన రంగుతో రాకుమారిని వేయమనండి.

• "నల్లగా ఉన్నా కళగా ఉంటుంది" అనే మెచ్చుకోలు మానుకుందాం. ఆ 'ఉన్నా' అనే మాటలోనే ముల్లు ఉంది.

దాచుకునేవారికి నాలుగు మాటలు

పాత కామిక్స్ దాచుకునే అలవాటు మీకూ ఉంటే ఇవి గుర్తుంచుకోండి. చిరిగిన పేజీలకు సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్లకు జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. తుప్పు పట్టిన పిన్నులు జాగ్రత్తగా తీసి తెల్ల నూలు దారంతో కుట్టండి. పుస్తకాలను ఎండలో పెడితే రంగులు వెలిసిపోతాయి. నీడలో గాలి తగలనిస్తే చాలు. బాగా ఎండిన వేపాకు పలుచని గుడ్డలో మూటకట్టి పెట్టె మూలల్లో ఉంచితే పురుగు దూరంగా ఉంటుంది. వానాకాలం వెళ్లగానే ఒకసారి అన్నీ తీసి చూసుకోవడం మరచిపోవద్దు.

వదిన బడికి వెళ్లి మాట్లాడింది. ఇకమీదట చీట్లు తీసి వేషాలు ఇస్తామన్నారట. ఫోన్‌లో ఈ మాట చెబుతూ పిల్ల, "చీటీల శూర్పణఖ వస్తే వేస్త అత్తమ్మా. కానీ రంగు చూసి ఇస్తే వెయ్య" అంది.

ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు కొనే వాళ్లకు మరకలేని ప్రతి కావాలి. రంగు పూసిన పుస్తకానికి అక్కడ విలువ లేదు. కానీ నా పెట్టెలో అన్నిటికన్నా పైన ఇప్పుడు ఆ గోధుమరంగు ద్రౌపదే ఉంది. ఎవరు ఎంతిచ్చినా ఇవ్వను.