బేలియాఘాటా ఇంట్లో ఇద్దరు

సేవే నాయకత్వం అనే మాట మేనేజ్‌మెంట్ క్లాసుల్లో బాగా నలుగుతోంది. పవర్‌పాయింట్ లేని రోజుల్లో అదెలా ఉండేదో 1947 నాటి కలకత్తా చెబుతుంది.

1946 ఆగస్టు 16న ముస్లిం లీగ్ 'ప్రత్యక్ష చర్య' దినాన మొదలైన మారణకాండలో అక్కడ వేలమంది చనిపోయారు. అప్పటి బెంగాల్ ప్రధాని సుహ్రావర్దీ పేరెత్తితే హిందువులు పళ్లు నూరేవారు. ఏడాది తిరిగేసరికి, దేశ విభజన ముంగిట, భయం ముస్లింల ఇళ్లకు మారింది. కాపాడమని వాళ్లు గాంధీని అడిగారు. ఆయన సరేనన్నారు గానీ, సుహ్రావర్దీ కూడా తనతో ఒకే కప్పు కింద, పోలీసు కాపలా లేకుండా ఉండాలని షరతు పెట్టారు.

ఆగస్టు 13న ఇద్దరూ బేలియాఘాటాలోని హైదరీ మంజిల్‌లో చేరారు. పాడుబడ్డ ఇల్లు. వచ్చిపోయే వందలమందికి ఒకటే మరుగుదొడ్డి. ఫోటోల్లో ఆ వాసన రాదు.

మర్నాడు రాత్రి జనం ఇంటిని చుట్టుముట్టి సుహ్రావర్దీ బయటికి రావాలని కేకలు వేశారు. గాంధీ ఆయన్ని కిటికీ దగ్గరికి తెచ్చి, పక్కనే నిలబడ్డారు. నిరుటి హత్యలకు నువ్వు బాధ్యుడివి కాదా అని ఒకడు నిలదీశాడు. బాధ్యత మనందరిదీ అన్నాడు సుహ్రావర్దీ. రాజకీయ నాయకుడు కదా, తప్పులో నలుగురికీ వాటా పంచాడు. అడిగినవాడు వదల్లేదు. అప్పుడు సుహ్రావర్దీ, అవును, నాదేనని ఒప్పుకున్నాడు. కేకలు ఆగాయి.

నా దృష్టిలో కీలకం ఇదే. బాధితుల్ని ముందే క్షమించమనడం చాలా శాంతి సభలకు అలవాటు. ఖర్చు లేని పని. ఇక్కడ ముందు నోరు విప్పాల్సి వచ్చింది ఆ హత్యల నాడు అధికారంలో ఉన్నవాడు. అదీ గుంపు రాయి విసిరితే తగిలేంత దూరంలో.

ఒప్పుకోలుతో అంతా సర్దుకుందనుకుంటే పొరపాటు. ఆగస్టు 31 రాత్రి మరో గుంపు ఇంటి అద్దాలు పగలగొట్టింది, నగరంలో మళ్లీ హత్యలు మొదలయ్యాయి. మర్నాడు 77 ఏళ్ల గాంధీ నిరాహార దీక్షకు కూర్చున్నారు. నోటిమాట హామీలు ఆయనకు చాలలేదు. సెప్టెంబరు 4న హిందూ, ముస్లిం, సిక్కు నాయకులు, ప్రాణాలు పోయినా మళ్లీ హింస జరగనివ్వమని రాసి సంతకాలు పెట్టాకే విరమించారు. కుర్రాళ్లు ఆయుధాలు తెచ్చి అప్పగించారు.

పంజాబ్ వేల సైనికులున్నా తగలబడుతుంటే కలకత్తా నిలబడింది. చచ్చినవాళ్ల కుటుంబాలను మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఎవరూ పిలవలేదు. సుహ్రావర్దీ 1956లో పాకిస్తాన్ ప్రధాని అయ్యాడు.