గాంధీ భవన్ వేరు, గాంధీ హాస్పిటల్ వేరు: అబిడ్స్, నాంపల్లికి మెట్రోలో వచ్చేవాళ్లకు

మా ఖాలా దేవరకొండ నుంచి బస్సులో వచ్చి ఎల్‌బీ నగర్‌లో దిగింది. షుగర్ చూపించుకోవడానికి గాంధీ హాస్పిటల్‌కు వెళ్లాలి. నేను ఆఫీసులో ఉండి ఫోన్‌లోనే దారి చెప్పాను. "మెట్రో ఎక్కండి ఖాలా, గాంధీ అని వినిపిస్తే దిగిపోండి" అన్నాను. ఆమె అలాగే దిగింది. అరగంట తర్వాత ఫోన్. "బేటా, ఇక్కడ దవాఖానా లేదు, కాంగ్రెస్ జెండాలున్నాయి."

ఆమె దిగింది నాంపల్లి దగ్గరి గాంధీ భవన్ స్టేషన్‌లో. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి ఆటోలో తీసుకెళ్లేసరికి ఓపీ చీటీలు ఇచ్చే టైం అయిపోయింది. తప్పు నాదే. రోజూ ఆ దారిలో తిరుగుతున్నా పేర్లు ఇంత దగ్గరగా ఉన్నాయని ఎప్పుడూ ఆలోచించలేదు.

మన మెట్రోలో మూడు లైన్లున్నాయి. రెడ్ లైన్ మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా, బ్లూ లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా, గ్రీన్ లైన్ జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా. నాంపల్లి, గాంధీ భవన్ రెండూ రెడ్ లైన్ మీద వస్తాయి. గాంధీ హాస్పిటల్ మాత్రం గ్రీన్ లైన్ మీద ఉంది. అంటే మా ఖాలా ఎల్‌బీ నగర్‌లో ఎక్కి, ఏడో స్టేషన్ ఎంజీబీఎస్‌లో దిగి, రైలు మారాల్సింది. అక్కడి నుంచి సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్, ముషీరాబాద్ దాటాక గాంధీ హాస్పిటల్. మారేటప్పుడు మళ్లీ టికెట్ అక్కర్లేదు. బయటికి వెళ్లే గేటు వైపు పోకుండా, ఆకుపచ్చ గుర్తులు చూసుకుంటూ నడిస్తే చాలు. టోకెన్ తీసుకుంటే చివరి దాకా జాగ్రత్తగా పెట్టుకోవాలి. దాన్ని దిగిన చోట గేటులో వేస్తేనే బయటికి పోనిస్తుంది.

మెట్రో అంటే కొందరు ఢిల్లీ, కోల్‌కతాలో లాగా భూమి కింద ఉంటుందనుకుంటారు. కోల్‌కతాలో 1984 నుంచే కింద నడుస్తోంది. మన దగ్గర సబ్‌వే అంటే రోడ్డు కింద నుంచి మనుషులు దాటే దారి, అంతే. ఇక్కడ రైలు మొత్తం పిల్లర్ల మీదనే. రోడ్డు నుంచి మెట్లెక్కితే మొదట టికెట్ల అంతస్తు, దాని పైన ప్లాట్‌ఫాం. ఇందులో ఒక లాభం ఉంది, చదువు రానివాళ్లు కూడా కిటికీలోంచి చూసి ఊరు గుర్తు పట్టొచ్చు. మలక్‌పేట దాటాక కింద మూసీ కనబడితే ఎంజీబీఎస్ వచ్చేస్తోందని లెక్క. ప్లాట్‌ఫాం ఎక్కేముందు మాత్రం బోర్డు చూడాలి. నాంపల్లిలో ఒకవైపు మియాపూర్ రైలు, ఇంకోవైపు ఎల్‌బీ నగర్ రైలు వస్తాయి.

ఇప్పుడు అబిడ్స్ సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల ఈ చోటికి ఆ పేరొచ్చింది. ఇంత పేరున్న చోటికి మెట్రో స్టేషన్ లేదు! మ్యాప్‌లో వెతికితే దొరకదు. జీపీఓ వైపు గానీ, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు గానీ పోవాలంటే నాంపల్లిలో దిగి స్టేషన్ రోడ్ మీద నడవండి, పది పన్నెండు నిమిషాలు. మొజంజాహీ మార్కెట్‌కైతే గాంధీ భవన్ దగ్గర. జనవరి 1 నుంచి నడిచే నుమాయిష్‌కు కూడా అదే స్టేషన్. కోఠికి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కాలేజీ కోఠిలో ఉంటే, ఉస్మానియా జనరల్ హాస్పిటల్ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉంది. పేరు చూసి దిగినవాళ్లు అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాల్సిందే. పిల్లల కోసం నిలోఫర్‌కు పోయేవాళ్లు నాంపల్లిలో దిగి రెడ్‌హిల్స్‌కు ఆటో ఎక్కితే సరిపోతుంది. యూసుఫైన్ దర్గాకు కూడా నాంపల్లిలోనే దిగాలి. హజ్ హౌస్‌కు నాంపల్లి, అసెంబ్లీ రెండూ దగ్గరే.

రైలులో వచ్చేవాళ్లకు ఒక మాట. టికెట్ మీద హైదరాబాద్ దక్కన్ అని రాసి ఉండేది మనం నాంపల్లి అని పిలిచే స్టేషనే. బయటికి రాగానే మెట్రో కనబడుతుంది.

ఖర్చు కూడా చూసుకోవాలి, నేను కామర్స్ చదివినవాణ్ణి కదా. మొదట్లో టికెట్ 10 నుంచి 60 రూపాయల దాకా ఉండేది. 2025 మేలో పెంచారు, గొడవయ్యాక 10 శాతం తగ్గించారు, అయినా 11 నుంచి 69 అయింది. ఒక్కరైతే మెట్రోనే చౌక. నలుగురు కలిసి నాంపల్లి నుంచి ఎంజీబీఎస్ లాంటి దగ్గర దూరానికి పోతుంటే ఆటో రేటు కూడా అడిగి చూడండి.

అసలు లెక్క తప్పేది పురానా షహర్ వాళ్లకు. చార్మినార్‌కు దగ్గరి మెట్రో స్టేషన్ ఇప్పటికీ ఎంజీబీఎస్. అక్కడ దిగి అఫ్జల్‌గంజ్, నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా పోవాలి. సామాన్లతో, ముసలివాళ్లతో అది నడక కాదు, ఆటోనే. మొదటి ప్లాన్‌లోనే గ్రీన్ లైన్ ఫలక్‌నుమా దాకా ఉంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకే తెరిచి ఆపేశారు. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర పునాది రాయి వేశారు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల లైన్ అది. మిగతా ఊరు 2017 నుంచి మెట్రో ఎక్కుతుంటే, శాలిబండలో ఉండేవాళ్లు మెట్రో ఎక్కడానికి ముందు ఆటో ఎక్కాలి.

మా ఖాలా మళ్లీ వచ్చే నెల వస్తుంది. ఈసారి చీటీ మీద తెలుగులో రాసిచ్చాను: "ఎంజీబీఎస్‌లో దిగు. ఆకుపచ్చ లైన్ ఎక్కు. ఆరో స్టేషన్, గాంధీ హాస్పిటల్." హాస్పిటల్ కింద రెండు గీతలు కొట్టాను.