వడదెబ్బ: ముందు చల్లబరచడం, తరువాత ఆసుపత్రి

2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేలకు పైగా ప్రాణాలు పోయినా, వడదెబ్బను ఎండవల్ల కలిగే అలసటగా తేలికగా తీసుకునే అలవాటు ఇంకా పోలేదు. చర్మం మీద చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది కనుక, గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరని కోస్తా జిల్లాలలో ఉష్ణోగ్రత కొంత తక్కువగా నమోదైనంత మాత్రాన ప్రమాదం తక్కువని భావించరాదు.

తలతిరుగుడు, వికారం, విపరీతమైన చెమట ఉన్నా మాట, స్పృహ సరిగా ఉంటే అది వేడివల్ల కలిగిన నిస్త్రాణ. నీడలో పడుకోబెట్టి, ఓఆర్‌ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ కొద్దికొద్దిగా తాగిస్తే చాలావరకు తేరుకుంటారు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తడబడినా, మనిషి అయోమయంలో పడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనే నమ్మకం పూర్తిగా సరైనది కాదు. పొలంలోనో ఇటుకబట్టీలోనో పనిచేస్తూ కూలిపోయిన వారి ఒళ్లు తడిగానే ఉండవచ్చు.

అప్పుడు 108కి ఫోన్ చేసి, వాహనం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. గుడ్డలో చుట్టిన మంచుముక్కలను మెడ, చంకలు, గజ్జల వద్ద ఉంచవచ్చు. స్పృహ సరిగా లేని వారి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది, ఆదుర్దాలో చాలామంది ముందుగా చేసే పని అదే అయినా. పారాసిటమాల్ ఇక్కడ పనికిరాదు: జ్వరంలో ఉష్ణోగ్రతను పెంచమని మెదడే ఆదేశిస్తుంది, ఆ మాత్ర ఆ ఆదేశాన్ని తగ్గిస్తుంది, వడదెబ్బలో అటువంటి ఆదేశమే ఉండదు.