ఎరిగినంత మేరకే

మనిషి విలువలు వ్యవహారంలో బయటపడతాయని పెద్దలు చెబుతారు. వ్యవహారం అనగానే మనకు తూకం, ధర, అప్పు, కౌలు వంటివే గుర్తుకు వస్తాయి. ఒక మనిషిని గురించి మరొకరి దగ్గర మంచి మాట చెప్పడం కూడా వ్యవహారమేనన్న సంగతి చాలామందికి తట్టదు. కాని నేడు ఉద్యోగాలు దొరికేది, పరిచయాలు పెరిగేది, సేవా సంఘాలలో బాధ్యతలు అప్పగింపబడేది ఎక్కువగా ఈ మాట మీదనే. అందువల్ల ఈ మాట ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న విషయం కొంత విచారించవలసి ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 85వ వాక్యం సిఫారసును గురించి ప్రస్తావిస్తుంది. మంచి పనికి సిఫారసు చేసినవానికి అందులో భాగం ఉంటుందనీ, చెడు పనికి చేసినవానికి దాని భారంలోనూ భాగం ఉంటుందనీ దాని భావం. మాట సాయం చేసి పక్కకు తప్పుకోవడం అనేది ఇక్కడ లేదు. చెప్పిన మాట వెంట చెప్పినవాడు కూడా నడుస్తూనే ఉంటాడు. పూర్వం ఖాజీ న్యాయస్థానంలో సాక్షులు నమ్మదగినవారా కాదా అని విచారించే పద్ధతి ఉండేది. దానిని తజ్‌కియా అనేవారు. సాక్షిని ఎరిగినవారు వచ్చి అతని గురించి చెప్పాలి. అంటే అది సాక్ష్యం మీద సాక్ష్యం.

ఇటువంటి సందర్భానికి సంబంధించి హజ్రత్ ఉమర్ (ర) ఉదంతం ఒకటి ప్రసిద్ధమైనది. ఒకరు మరొకరిని మంచివాడని చెప్పగా ఆయన అడిగారట: నీవు అతని ఇరుగుపొరుగువాడివా? అతనితో ప్రయాణం చేశావా? అతనితో దీనారు, దిర్హముల లావాదేవీ నడిపావా? మూడింటికీ లేదనే జవాబు వచ్చింది. అయితే మసీదులో అతను తల వంచడం, ఎత్తడం చూసి ఉంటావు, నీవు అతన్ని ఎరుగవు అన్నారట ఖలీఫా. ఈ మూడు ప్రశ్నలలో ఒక క్రమం ఉంది. పొరుగున మనిషి ఓర్పు తెలుస్తుంది, ప్రయాణంలో స్వభావం తెలుస్తుంది, డబ్బు దగ్గర నిజాయితీ తెలుస్తుంది. ఆరాధనను ఆయన తక్కువ చేయలేదు. దానిని చూసి ఏమి తెలుసుకోగలమో, ఏమి తెలుసుకోలేమో మాత్రమే తేల్చారు.

ఇది తెలిసి కూడా నేను తప్పాను. కొన్నేళ్ల క్రితం నేను చదివిన మదరసాలోనే నా తరువాత చదివిన ఒక యువకుడు, “భాయ్‌జాన్, లింక్డ్‌ఇన్‌లో నా గురించి నాలుగు మాటలు రాయండి” అని అడిగాడు. ఇరవై ఏళ్లుగా అనువాదమే నా వృత్తి కాబట్టి నా మాటకు కొంత విలువ ఉంటుందని అతని ఆశ. కుర్రవాడు వినయవంతుడు. రమజాన్‌లో తరావీహ్ చదివించేవాడు. వాళ్ల నాన్న మాకు కుటుంబ స్నేహితుడు. అరబీ నుండి తెలుగులోకి అనువదించడంలో మంచి నేర్పరి అని రాసేశాను. అతను అనువదించిన పుట ఒక్కటి కూడా నేను చూసి ఉండలేదు.

ఆ నాలుగు వాక్యాలు చూసి గల్ఫ్ దేశాలకు పనివారిని పంపే ఒక ఏజెంటు అతనికి ఒప్పంద పత్రాల అనువాదం అప్పగించాడు. ఒక పత్రంలో జీతం మాట వచ్చిన చోట అరబీలో ‘గైర్’ అనే చిన్న మాట ఉంది. మన గైరుహాజరులో ఉన్న గైరే అది. భోజన ఖర్చు కలపకుండా అని ఆ వాక్యం అర్థం. అనువాదంలో ఆ గైర్ జారిపోయి, భోజనంతో సహా అని అచ్చయింది. నిజామాబాద్ వైపు నుండి వెళ్లిన ఒక పనివాడు అక్కడికి చేరాక ప్రతి నెలా జీతంలో తిండి ఖర్చుకు కోత పడుతుంటే తెల్లబోయాడు. వీసా కోసం చేసిన అప్పుకు వడ్డీ కట్టవలసింది ఆ జీతంలో నుండే. ఏజెంటు నాకు ఫోను చేశాడు. అతను కోపగించుకోలేదు. “మీరు రాశారు కదా, మౌల్వీసాబ్, అందుకే రెండోవారికి చూపించలేదు” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ కుర్రవాడు అబద్ధమాడేవాడు కాదు, మోసగాడు కాదు. నా తప్పు ఎక్కడ జరిగిందో గ్రహించాలంటే హదీసువేత్తలు పాటించిన ఒక విభజనను తెలుసుకోవాలి. ఉల్లేఖకుని విషయంలో వారు రెండు గుణాలను వేరువేరుగా పరీక్షించేవారు. ఒకటి అదాలత్, అంటే నడవడి, సత్యసంధత. రెండవది జబ్త్, అంటే విన్నది విన్నట్టు నిలుపుకుని, ఉన్నది ఉన్నట్టు అందించే సామర్థ్యం. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్టు కాదు. మదీనా మసీదు స్తంభాల దగ్గర డెబ్బై మంది హదీసులు చెబుతుండగా చూశాననీ, ప్రభుత్వ ఖజానా అప్పగించినా కాపాడగలిగినంత నమ్మకస్తులే వారైనా ఈ విద్య వారిది కాదు కనుక వారి నుండి హదీసు స్వీకరించలేదనీ ఇమామ్ మాలిక్ (మరణం హి. 179, క్రీ.శ. 795) చెప్పినట్టు ఉల్లేఖింపబడింది. నేను ఖజానా కాపలాకు తగినవాడిని ఒప్పంద పత్రాల అనువాదానికి తగినవాడని రాశాను.

ఈ శాస్త్రాన్ని జర్హ్ వ తాదీల్ అంటారు. హైదరాబాదువారికి ఇది పరాయి విద్య కాదు. ఇబ్నె అబీ హాతిమ్ రచించిన అల్ జర్హ్ వత్తాదీల్‌ను మన దాయిరతుల్ మఆరిఫ్ పరిష్కరించి ముద్రించింది. ఇబ్నె హజర్ అస్ఖలానీ రచన తహ్‌జీబుత్తహ్‌జీబ్ 12 సంపుటాలుగా హి. 1325-27 (క్రీ.శ. 1907-09) మధ్య అచ్చయింది కూడా అక్కడే. అదే ఇబ్నె హజర్ తన తఖ్‌రీబ్‌లో ఉల్లేఖకులను 12 అంతస్తులుగా విభజించారు. పూర్తిగా నమ్మదగినవాడు ఒక మెట్టు, సత్యవాది మరొక మెట్టు, సత్యవాదే కాని జ్ఞాపకశక్తి బలహీనం అన్నది ఇంకొక మెట్టు. పరిస్థితి తెలియనివాడు, బలహీనుడు, అసత్యవాది అన్నవి ఆ కిందివి. మనిషిని అవమానించకుండా, పొగడకుండా, ఎంత ఉందో అంతే చెప్పగల భాష ఇది.

2012లో లింక్డ్‌ఇన్ ఒక సౌకర్యం ప్రవేశపెట్టింది. ఎదుటివారి నైపుణ్యం పేరు మీద ఒక్కసారి నొక్కితే చాలు, అది మన ఆమోదంగా నమోదవుతుంది. అందులో మెట్లు లేవు. ఉంది అనడమో, మౌనంగా ఉండడమో, అంతే. పైగా మనం నొక్కితే వారు మనకూ నొక్కుతారన్న ఆశ ఒకటి. పెళ్లిళ్లలో చదివింపుల లెక్కలాగా ఇది తయారైంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. లోపం చెప్పడం పరోక్షనింద కాదా, గీబత్ కాదా అని. ఇమామ్ నవవీ (మరణం హి. 676, క్రీ.శ. 1277) రియాజుస్సాలిహీన్‌లో పరోక్షంగా లోపం చెప్పడానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలను పేర్కొన్నారు. సలహా అడిగినవారికి నిజం చెప్పడం వాటిలో ఒకటి. ఫాతిమా బిన్తె ఖైస్ (ర) తనకు వచ్చిన పెళ్లి సంబంధాల గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఒకరి పేదరికాన్నీ, మరొకరి కాఠిన్యాన్నీ దాచకుండా తెలిపారు. అయితే అడిగిన విషయానికి అవసరమైనంతే చెప్పారన్నది గమనించాలి. అలీ ఇబ్నుల్ మదీనీ (మరణం హి. 234, క్రీ.శ. 849)ని ఆయన తండ్రి గురించి అడిగితే ఇతరులను అడగమని తప్పించుకోజూశారు. మళ్లీ అడగగా తల వంచి, తరువాత ఎత్తి, ఇది ధర్మానికి సంబంధించిన విషయం, నా తండ్రి ఉల్లేఖనంలో బలహీనుడు అన్నారు. ఆ తల వంచడంలోని బాధ మనకు అర్థం కావాలి. మన ఊళ్లలో అన్న కొడుకు గురించి ఇంతమాట చెప్పి ఆ ఇంటికి మళ్లీ వెళ్లగలవారు ఎందరు?

ఉద్యోగం విషయంలో ఫిఖహ్ పండితుల విభజన స్పష్టంగానే ఉంది. ఒకరికే కట్టుబడి పనిచేసేవాడు అజీరె ఖాస్, అతనికి జీతం వచ్చేది సమయానికి. దర్జీలాగా అందరికీ పనిచేసేవాడు అజీరె ముష్‌తరక్, అతనికి కూలి వచ్చేది పనికి. ఆఫీసు వేళలో కూర్చుని తన పరిచయాలు పెంచుకునే గుమాస్తా ఏది అమ్ముకుంటున్నాడో దీనివల్ల తేలిపోతుంది.

సేవారంగం ఇంత సులభం కాదు. అక్కడ జీతం లేదు కనుక లెక్క కూడా లేదని అనుకుంటాము. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో రేషను సంచులు పంచిన యువకులను మనమంతా చూశాము. వారి శ్రమ నిజమైనది. దాతల ఫోను నంబర్లు కొన్ని వారి దగ్గర మిగిలిపోయాయి. తరువాత ఒకరు ఆ నంబర్లకే తన ఇన్సూరెన్సు వ్యాపారం గురించి సందేశాలు పంపుతుంటే తప్పేమిటని నన్ను అడిగారు. జకాత్ వసూలుకు వెళ్లివచ్చిన ఇబ్నుల్ లుత్‌బియ్యా ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది అని అతడు రెండు భాగాలు చేయగా, తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) వేదిక మీద నుండి ప్రశ్నించారు. ఆ యువకుడికీ నేను ఇదే చెప్పాను. సంచి మోయకపోతే ఆ నంబరు నీ చేతికి వచ్చేదా? అతను కొంతసేపు ఆలోచించి, తనకు ముందే తెలిసినవారివి ఏడెనిమిది ఉన్నాయి, అవి ఉంచుకోవచ్చా అన్నాడు. ఉంచుకోవచ్చు. ప్రశ్న న్యాయమైనదే.

ఇక మొదటి విషయానికి వస్తాను. ఆ సిఫారసును నేను తీసివేశాను. ఆ పనివానికి జరిగిన నష్టంలో కొంత నేను, కొంత ఆ కుర్రవాడు, కొంత ఏజెంటు భరించాము. వారం రోజులు ఆ కుర్రవాడిని నా దగ్గర కూర్చోబెట్టుకుని పది పుటలు అనువాదం చేయించాను. తరువాత మళ్లీ రాశాను: అరబీ వ్యాకరణం బాగా తెలుసు, తెలుగు వాక్యం శుభ్రంగా ఉంటుంది, ధార్మిక గ్రంథాలలో నమ్మవచ్చు, ఒప్పంద పత్రాలు మాత్రం మరొకరు సరిచూడాలి. కుర్రవాడు చదివి ఊరుకున్నాడు. వాళ్ల నాన్న మాత్రం ఎనిమిది నెలలపాటు మా ఇంటికి రాలేదు.