పంచాంగం చూసి ఒమాన్ చూద్దాం

"మస్కట్ వచ్చి ఎన్నేళ్ళయింది?" అని అడిగితే మన సభ్యుల్లో ఎవరైనా ఠక్కున జవాబు చెబుతారు. పదేళ్ళు, పదిహేనేళ్ళు, కొందరైతే పాతికేళ్ళు. "మరి ఒమాన్‌లో ఏమేం చూశారు?" అంటే మాత్రం కాస్త ఆలోచనలో పడతారు. మత్రా కార్నిష్, కురుం బీచ్, సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు... ఆ తరువాత జాబితా ముందుకు సాగదు. పెద్ద సెలవు దొరికితే సొంత ఊరు, శుక్రవారం దొరికితే నిద్ర, సాయంత్రం దొరికితే రూవి బజారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

మన కాపురం ఇక్కడ గడువున్న కాపురం. ఒక కాంట్రాక్టు ముగిసినా, పిల్లల ఇంటర్ పూర్తయినా పెట్టెలు సర్దుకోవలసిందే. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు కాలేజీ చదువుకని హైదరాబాదో విజయవాడో వెళ్ళాక, "ఒమాన్ ఎలా ఉంటుంది?" అని స్నేహితులు అడిగితే చెప్పడానికి నాలుగు షాపింగ్ మాల్స్ తప్ప ఏమీ లేకపోతే అది మనందరికీ వెలితే కదా!

చిక్కు ఎక్కడుందంటే, చూడవలసినవి మరీ ఎక్కువ. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా విస్తీర్ణంలో ఒమాన్ కంటే చిన్నవే. కాబట్టి "ఎక్కడికి వెళ్దాం?" అని మొదలుపెడితే తేలదు. ముందు "ఎప్పుడు?" అని, తరువాత "ఎవరితో?" అని అడగండి. ఆ రెండూ తేలితే ఊరు పేరు దానంతట అదే తేలుతుంది. ఉగాదికి కొత్త పంచాంగం ఎలాగూ తెచ్చుకుంటాం. ఒమాన్ యాత్రకు కూడా దాన్నే వాడుకుందాం.

చైత్ర వైశాఖాలు: గులాబీల కొండ

కింద ఎండలు ముదురుతున్న వేళ జెబెల్ అఖ్దర్ మీద గులాబీలు పూస్తాయి. సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న సైఖ్ పీఠభూమి చుట్టూ మెట్ల మెట్లుగా తోటలు. తెల్లవారుజామున కోసిన రేకులను మట్టి పొయ్యిల మీద కుండల్లో కాచి, ఆవిరిని చల్లార్చి పన్నీరు తీస్తారు. పెళ్ళిళ్ళలో పన్నీరు చిలకరించడమే తెలిసిన మన పిల్లలకు, అది చుక్క చుక్కగా ఎలా తయారవుతుందో కళ్ళారా చూసే అవకాశం ఇది. పెద్దవాళ్ళు మెట్లెక్కే పని లేకుండా కారులోంచే చాలావరకు చూడవచ్చు. అయితే బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే పైకి వదలరు. బండి లేనివారు ఉన్నవారితో ముందే మాట్లాడుకోవాలి.

ఆషాఢం నుంచి భాద్రపదం దాకా: సలాలా

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా గల్ఫ్ అంతా ఉడికిపోతుంటే సలాలాలో ఖరీఫ్ తుంపర. మన సేద్యపు మాట ఖరీఫ్, అక్కడి వానకారు పేరు ఒక్కటే! కొబ్బరి తోటలు, అరటి గెలలు, పొగమంచు కమ్మిన పచ్చని కొండలు చూస్తే కోనసీమనూ అరకునూ పక్కపక్కన పెట్టినట్టుంటుంది. వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళేవారు బెంగపడనక్కరలేదు. సెప్టెంబరు మూడో వారం తరువాత వచ్చే సర్బ్ కాలంలో పచ్చదనం కొన్నాళ్ళు నిలిచే ఉంటుంది, రద్దీ మాత్రం తగ్గుతుంది.

సలాలా అంటే వాన ఒక్కటే కాదు. లుబాన్ చెట్లున్న వాదీ దౌకా, పాత రేవులైన అల్ బలీద్, సుమ్‌హురం 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సుమ్‌హురం రేవుకూ మన దేశానికీ రెండు వేల ఏళ్ళ కిందటే ఓడల రాకపోకలుండేవి. గల్ఫ్‌కు వచ్చిన తొలి తరం మనమే అనుకోవడం పొరపాటన్నమాట!

రోడ్డు మార్గం సుమారు వెయ్యి కిలోమీటర్లు, అందులో చాలాభాగం ఎడారి. ఒంటెలు రోడ్డుకు అడ్డం వస్తాయి గనుక రాత్రి ప్రయాణం వద్దు. ముగ్సైల్ తీరంలో రక్షణ కంచె దాటనే వద్దు. 2022 జూలైలో అక్కడ కంచె దాటిన ఒక భారతీయ కుటుంబంలోని కొందరిని కెరటం లాక్కుపోయింది.

కార్తికం: వనభోజనాలు

కార్తిక మాసానికి ఎండ మెత్తబడుతుంది. నఖల్‌లో కొండరాతి మీద కోట, దానికి కాస్త దూరంలో ఐన్ అల్ థవారా గోరువెచ్చని ఊట, చుట్టూ ఖర్జూర తోటలు. ఉసిరి చెట్టు దొరకకపోవచ్చు గానీ నీడకూ నీళ్ళకూ లోటుండదు. పులిహోర గిన్నెలతో ఉదయం బయల్దేరి చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు. పసిపిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న కుటుంబాలకు ఇంతకంటే అనువైన చోటు అరుదు.

ఒక్క హెచ్చరిక. మనం నిలబడ్డచోట చినుకు లేకపోయినా, ఎగువ కొండల్లో వాన పడితే వాదీ నిమిషాల్లో పొంగుతుంది. 2024 ఏప్రిల్ వరదల్లో బడిపిల్లలతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజున వాదీ ప్రయాణం మానుకోండి. నీళ్ళు పారుతున్న వాదీని కారుతో దాటే సాహసం ఎన్నడూ చేయకండి.

మార్గశిరం నుంచి మాఘం దాకా: కోటలు, ఇసుక, సముద్రం

ఇది అసలైన యాత్రాకాలం. రెండు రోజులు దొరికితే నిజ్వా, బహ్లా, జబ్రీన్ కలిపి చూడండి. 1650లో పోర్చుగీసువారిని మస్కట్ నుంచి తరిమిన ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిందే నిజ్వా గుండ్రటి బురుజు. మెట్ల దారిలో శత్రువు మీద కాగిన ఖర్జూరపు పాకం పోయడానికి వదిలిన కంతలు చూపిస్తే పిల్లలు ఆ చరిత్రను జన్మలో మరచిపోరు. శుక్రవారం ఉదయం అక్కడ జరిగే మేకల సంత అచ్చం మన ఊరి సంతే, భాష ఒక్కటే వేరు. బహ్లా కోట 1987లో యునెస్కో జాబితాకెక్కింది. శిథిలమవుతున్నదని మరుసటి ఏడే ప్రమాదపు జాబితాలో చేర్చారు. ఏళ్ళ తరబడి మరమ్మతుల తరువాత 2004లో ఆ గండం గడిచింది. జబ్రీన్‌లో తలెత్తి చూడాలి. అందమంతా రంగులద్దిన పైకప్పుల్లోనే ఉంది.

దారిలో ఫలజ్ దారిస్ దగ్గర ఆగండి. మోటారు లేకుండా వాలును బట్టి పారే కాలువ. పగలు నీడను చూసి, రాత్రి చుక్కలను చూసి ఫలజ్ నీటి వంతులు పంచుకునేవారు. చెరువు నీటి కోసం వంతులు కాసిన రైతు కుటుంబాల నుంచి వచ్చిన మనకు దీని విలువ వేరే చెప్పాలా?

ఇంకో రెండు రోజులుంటే షర్ఖియా ఇసుక తిన్నెలు, సూర్‌లో చెక్క ఓడలు కట్టే చోటు, రస్ అల్ జింజ్ తాబేళ్ళు. తాబేళ్ళు ఏడాది పొడుగునా గుడ్లు పెట్టడానికి వస్తాయి గానీ వేసవిలోనే ఎక్కువ. ఆ రస్ అల్ జింజ్‌లోనే సింధు నాగరికత నాటి మట్టిపాత్రల ముక్కలు తవ్వకాల్లో దొరికాయి.

ఊళ్ళో అమ్మానాన్నలను, అత్తమామలను విజిట్ వీసా మీద పిలిపించుకునేవారు వీలైతే ఈ మాసాలకే పిలిపించండి. ఎండాకాలంలో పిలిస్తే వారు చూసేది ఫ్లాటు నాలుగు గోడలూ, ఏసీ మిషనూ మాత్రమే.

కారు లేనివారికి

రూవిలోనే మొదలుపెట్టండి. బైత్ అల్ ఫలజ్ కోటలో సాయుధ దళాల మ్యూజియం ఉంది. ఈ లోయలోనే 1973 దాకా మస్కట్ విమానాశ్రయం ఉండేదంటే చాలామంది నమ్మరు. కొండ దాటితే మత్రా సూక్, ఆ పైన పాత మస్కట్‌లో జలాలీ, మీరానీ కోటలు, 2016లో తెరిచిన నేషనల్ మ్యూజియం. ఒక పూట చాలు. నిజ్వా, సూర్, సలాలాలకు మువాసలాత్ బస్సులున్నాయి. మనలో కారున్న కుటుంబాలు ప్రతి యాత్రకూ, కుటుంబాన్ని ఊళ్ళో వదిలి ఒంటరిగా ఉంటున్న ఒక్క సోదరుణ్ణి వెంట తీసుకువెళ్ళినా అది సంఘానికే అందం.

కోటల వేళలు శుక్రవారం వేరుగా ఉంటాయి, ముందే కనుక్కోండి. స్థానికులను ఫొటో తీసే ముందు అనుమతి అడగండి. పల్లెల్లో నిండైన దుస్తులు మన మర్యాద. తిన్న విస్తరాకు, తాగిన సీసా తిరిగి మన సంచీలోకే రావాలి.

ఏడాదికి నాలుగు యాత్రలు, అంటే ఏడెనిమిది సెలవు రోజులు. గోడ మీది క్యాలెండర్లో ఈ పూటే నాలుగు చోట్ల గుర్తు పెట్టుకోండి. రాబోయే ఉగాదికి మనం కలిసినప్పుడు షడ్రుచుల పచ్చడితోపాటు నాలుగు ఊళ్ళ ముచ్చట్లు కూడా పంచుకుందాం.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు!